అమ్మీ తీసిన స్లాబ్ ఫొటో

"ఎవరి బిడ్డవు బేటీ? సర్వేకు వచ్చినవా?"

2024 వానాకాలం. బోరబండలో ఒక నాలా పక్క గల్లీలో నేను ఫోన్ ఎత్తి ఫొటో తీస్తుంటే, సగం తెరిచిన దర్వాజాలోంచి ఒక బుజుర్గ్ అడిగారు. ఆయన అలా అడగడంలో తప్పేమీ లేదు. ఆ జూలైలోనే హైడ్రా ఏర్పడింది. టీవీ పెడితే చెరువు, నాలా, బుల్డోజర్. అలాంటి రోజుల్లో ఇంటి గోడను ఫొటో తీసేవాళ్లు కనబడితే ఎవరి గుండె అయినా జారుతుంది. "లేదు చాచా, నేను ఇక్కడి పిల్లనే. స్కూల్లో తెలుగు చెప్తాను. ఊరికే మన ముహల్లా తస్వీర్లు తీసుకుంటున్నా" అన్నాను. ఆ "ఊరికే" ఆయనకు అస్సలు నచ్చలేదు. ఊరికే ఎవరు ఏం చేస్తారు?

ఫోన్‌లో ఉన్నవి చూపించాను. సగం దించిన షట్టర్, చబూత్రా మీద పడుకున్న పిల్లి, మూతకు గొలుసు కట్టిన నీళ్ల డ్రమ్ము, దర్జీ దుకాణం బయట తాడుకు వేలాడే రంగురంగుల దారపు రీళ్లు. ఒక్కొక్కటీ ఓపికగా చూసి "వీటిల ఏమున్నది?" అన్నారు. లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక ఆల్బమ్ తెచ్చారు. ఆయన పెద్ద కూతురి షాదీ. నేను అలవాటు కొద్దీ దుల్హన్ వైపు చూస్తుంటే, ఆయన వేలు మాత్రం ఫొటో మూలకు వెళ్లింది. షామియానా వెనక ఇల్లంత పెద్ద నల్లటి బండ, దాని మీద ఎక్కి తమాషా చూస్తున్న పిల్లలు. "ఇగో, ఇది చూడు. ఇప్పుడు నువ్వు నిలబడ్డది దాని మీదనే."

పదేళ్లుగా బోరబండ ఫొటోలు తీస్తున్నాను. పేరులోనే బండ ఉన్న ఊరు. ఆ బండ మాత్రం నా దగ్గర ఒక్క ఫొటోలో కూడా లేదు.

నా పని మొదలైన తారీఖ్ నాకు బాగా యాదుంది. 2014 ఆగస్టు 19. తెలంగాణ వచ్చిన కొత్తలో సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు. ఒక్కరోజులో అందరినీ లెక్కపెడతామన్నారు కాబట్టి పనులకు పోయినవాళ్లంతా ఇళ్లు చేరారు. బస్సులు లేవు, దుకాణాలు లేవు. మామూలు రోజుల్లో ఆటోలు, తోపుడు బండ్లు, బడి పిల్లలతో అడుగు తీసి అడుగు వేయలేని మా మెయిన్ రోడ్డు ఈద్గాలా ఖాళీగా పడుంది. కొత్తగా కొన్న ఫోన్‌తో ఒక ఫొటో తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే, పుట్టినప్పటి నుంచి నడిచిన రోడ్డు పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కుతుందని మొదటిసారి కనబడింది. జనం ఉన్నప్పుడు నేల కనబడదు కదా.

ఆ తర్వాత అది ఆదత్ అయింది. ఫజర్ తర్వాత ఓ గంట. ఆ వేళ ఎందుకంటే, వెలుతురు మెత్తగా ఉంటుంది, ఎవరి బేపర్దగీ జరగదు. ఆడవాళ్ల మొహాలు ఇజాజత్ లేకుండా తీయకూడదని నాకు నేనే ఒక ఉసూల్ పెట్టుకున్నాను. ఎవరింటి దర్వాజా తీసినా ఒక ప్రింట్ వేయించి ఆ ఇంట్లో ఇచ్చాను. ఎంఎంటీఎస్ స్టేషన్ బెంచీలు, సైట్ త్రీ బస్సులు, రేషన్ దుకాణం ముందు మనుషులకు బదులు వరసలో నిలబడ్డ సంచులు, చాయ్ హోటల్ బయట కడిగి బోర్లించిన సాసర్లు. 2020 రంజాన్‌లో లాక్‌డౌన్ వల్ల మస్జిద్‌లు బంద్ అయి, తరావీహ్ ఇళ్లల్లోనే చదువుకున్నప్పుడు, తాళం వేసిన మస్జిద్ గేటును ముప్పై రోజులూ తీశాను. ముప్పై ఫొటోల్లోనూ అదే గేటు, అదే తాళం. కింద చెప్పులు లేని మెట్లు.

ఇలాంటి పిచ్చి నాకొక్కదానికే కాదు. ప్యారిస్‌లో ఉజేన్ అజే అనే ఆయన 1927లో చనిపోయేదాకా బరువైన కెమెరా మోసుకుంటూ పొద్దున్నే పాత వీధులు, మెట్లు, దుకాణాల అద్దాలు తీస్తూ తిరిగాడు. ఆయన తనను కళాకారుడినని చెప్పుకోలేదు, చిత్రకారులకు పనికొచ్చే దస్తావేజులు అమ్ముతున్నానన్నాడు. ఆయన ఫొటోల్లోనూ వీధులు చాలాసార్లు ఖాళీ. మన దగ్గర భరత్ భూషణ్ గారు తెలంగాణ పల్లెల్లో పాత ఇళ్లను, దర్వాజాలను, పని చేసుకునే ఆడవాళ్లను ఏళ్ల తరబడి తీశారు. 2022 జనవరిలో వెళ్లిపోయారు. కందుకూరి రమేశ్ బాబు గారు 'సామాన్యశాస్త్రం' అని పేరు పెట్టి మామూలు మనుషుల్నే రాస్తూ, తీస్తూ వస్తున్నారు. వీళ్లను చూసే నాకు హిమ్మత్ వచ్చింది.

హైదరాబాద్‌కు తస్వీర్ కొత్తది కాదు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందౌర్‌లో సర్కారీ నౌకరీ చేసిన లాలా దీన్‌దయాళ్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన దర్బారు ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నారు. 'రాజా', 'ముసవ్విర్ జంగ్' అని ఖితాబులు ఇచ్చారు. మహళ్లు, షికార్లు, ఏనుగులు, వైస్రాయ్‌ల రాకడలు అన్నీ ఆయన గాజు పలకల మీదకు ఎక్కాయి. అదే మనిషి కరువు రోజుల్లో నిజాం రాజ్యంలో కూలీల కోసం జరిగిన సహాయ పనులను కూడా తీశాడు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే. 1892లో ఆయన హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టించాడు. పర్దాలో ఉండే బేగమ్‌ల కోసం, చుట్టూ ఎత్తైన గోడలతో. లోపల పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. దాన్ని నడిపింది మిసెస్ కెనీ లెవిక్ అనే ఆంగ్లేయ మహిళ. కెమెరా వెనక ఆడమనిషి ఉంటే పర్దాకు అడ్డేమీ లేదని 130 ఏళ్ల కిందటే ఈ షహర్‌కు తెలుసన్నమాట.

బోరబండ మాత్రం ఆ పలకల మీద ఎక్కే జాగా కాదు. ఇక్కడ మహల్ లేదు, దేవ్‌డీ లేదు. పక్కనుంచి రైలు పోయేది, అంతే. మొదటి సాలార్ జంగ్ దీవాన్‌గా ఉన్న కాలంలో, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన నిజాం రైలు దారి అది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ నడవడం మొదలైంది అదే దారి మీద. ఇప్పుడు బోరబండలో ఎక్కి లింగంపల్లి వైపు పోతే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ. ఒక్క స్టేషన్ దూరం. ఆ ఒక్క స్టేషన్ దూరాన్ని రోజూ దాటి మా వాళ్లు అక్కడ కార్లు నడుపుతారు, గేట్ల దగ్గర నిలబడతారు, అంతస్తులు తుడుస్తారు, ఏసీలు బాగు చేస్తారు. ఇప్పుడు మా పిల్లలు కొందరు మెడలో ట్యాగ్ వేసుకుని కంప్యూటర్ల ముందు కూడా కూర్చుంటున్నారు, మాషా అల్లాహ్.

అటువైపు తారీఖ్‌కు ఫొటోల కొదవ లేదు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనం బొమ్మ క్యాలెండర్ల మీద, పుస్తకాల అట్టల మీద, చివరికి మా స్కూల్ డైరీ మీద కూడా వచ్చింది. దాని ముందు ఏముండేదని అడిగితే రాళ్లు, తుప్పలు అంటారు. మా వైపూ రాళ్లే. కాకపోతే మా రాళ్లను కొట్టి చదును చేసుకున్నవాళ్లు వాటి మీదే కాపురం పెట్టారు. సైట్ వన్, సైట్ టూ, సైట్ త్రీ అని మా బస్తీల పేర్లు చూడండి. పూలపేర్లు కావు, నవాబుల పేర్లు కావు. ఇప్పుడు అవే మా చిరునామాలు, పెళ్లి కార్డుల మీద కూడా అవే.

ఆ బుజుర్గ్ ఆల్బమ్ చూసిన తర్వాత నేను ఫొటోలు తీయడం తగ్గించి, అడగడం మొదలుపెట్టాను. "ఖాలా, మీ పాత షాదీ ఆల్బమ్ ఉందా?" ఏ ఇంట్లోనూ ఎవరూ కాదనలేదు. చాయ్ తాగకుండా ఎవరూ పంపలేదు. మన ఇళ్లల్లో ఫొటోలు గోడల మీద ఉండవు కదా. నమాజ్ చదివే చోట తస్వీర్ వద్దని మా నానీ ఎప్పుడూ అనేది. అందుకే అవన్నీ స్టీలు ట్రంకుల్లో, రజాయిల కింద, నఫ్తలీన్ ఉండల వాసనతో ఉంటాయి. అఖీఖా, ఖత్నా, బిస్మిల్లా, మంగ్నీ, వలీమా. ముందు మనుషులు, వెనక బోరబండ. దుల్హా భుజం వెనక కరెంటు స్తంభం లేని గల్లీ. మేకను పట్టుకున్న పిల్లాడి వెనక వీధి నల్లా, బిందెల వరస. మామూను దుబాయ్‌కి సాగనంపే ఫొటోలో, ఆయన మెడలోని పూలదండ పక్క నుంచి, సగం కట్టిన మస్జిద్ గోడ. ఏ ఫొటోగ్రాఫరూ వీటిని తీయాలని తీయలేదు. ఫ్రేములో పడ్డాయి.

కొన్ని ఆల్బమ్‌లకు నేను ఆలస్యంగా చేరాను. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచిన వాన అందరికీ యాదే. పల్లంలో ఉండే మా ఖాలా ఇంట్లో నీళ్లు మంచం ఎత్తు దాకా వచ్చాయి. ట్రంకులో ఉన్న రెండు ఆల్బమ్‌లు ఇటుకల్లా అంటుకుపోయాయి. నెమ్మదిగా విడదీస్తే ఒకరి మొహం ఇంకొకరి షేర్వానీ మీదకు వచ్చేసింది. తన నికాహ్ ఫొటోలో ఖాలాకు మిగిలింది మెహందీ పెట్టిన ఒక చెయ్యి. దాన్నే దాచుకుంది.

ఇన్ని ఇళ్లు తిరిగిన నేను మా ఇంటి ట్రంకు చివరగా తీశాను. ఎందుకో మన ఇంట్లో ఏముంటుందిలే అనిపిస్తుంది.

మా వాళ్లది పాలమూరు వైపు. తాత పని వెతుక్కుంటూ షహర్‌కు వచ్చారు. అబ్బా సెంట్రింగ్ పని నేర్చుకుని 1991లో జెద్దా వెళ్లారు. అక్కడ ఇతరుల స్లాబులకు చెక్కలు బిగిస్తూ, ఇక్కడ మా స్లాబ్ కోసం రియాల్‌లు పంపేవారు. రెండేళ్లకోసారి ఛుట్టీ. ఒక ఛుట్టీలో దుప్పట్లు, టేప్ రికార్డర్‌తో పాటు ఒక యాషికా కెమెరా తెచ్చారు. ఫొటో మూలలో ఎర్రటి అంకెలతో తారీఖ్ వేసే రకం. పోతూ పోతూ దాన్ని అమ్మీ చేతిలో పెట్టారు.

ట్రంకులో ఒక కవరు నిండా ఫొటోలు. ఒక్కదాంట్లోనూ మేము లేము. సమ్మెటతో బండ కొడుతున్న ఇద్దరు. పునాది గుంత. మోకాలెత్తు గోడ. తలుపు లేని చౌకట్. 36 ఫొటోల రీలు మొత్తం ఇల్లే. ఈ ఫొటోలు ఎవరు తీశారని నేనెప్పుడూ అడగలేదు, చాచా అనుకున్నాను. అబ్బా లేనప్పుడు ఇంటి పని చూసింది ఆయనే. కానీ 98 12 12 అని ఎర్ర అంకెలున్న ఫొటోలో, స్లాబ్ కోసం పరిచిన సలాకల మీద, సాయంత్రం ఎండకు పొడుగ్గా సాగిన ఒక నీడ పడుంది. బుర్ఖా నీడ. రెండు మోచేతులు పక్కలకు తెరుచుకుని, మొహం దగ్గర చేతులు.

ఆ ఫొటోకు ఇంకో విశేషం ఉంది. ప్రతి సలాక కొసన నీలం పెన్నుతో ఒక చుక్క. వెనక తిప్పితే అబ్బా చేతిరాతలో ఉర్దూ అంకెలు, ఒక తీసివేత, కింద గీత.

"అమ్మీ, ఇది ఏంది?"

అమ్మీ చాలాసేపు ఫొటో చూసింది. "హిసాబ్" అంది.

ఆమె చెప్పింది ఇది. మర్నాడు ఇతవారం స్లాబ్. రంజాన్ ఇంకో వారంలో ఉంది, రోజా ఉంటూ కూలీలు తట్టలు మోయలేరని ఆ లోపే పోసేయాలని అందరూ తొందరపడ్డారు. అంతకు ముందు సాయంత్రం అమ్మీ నిచ్చెన ఎక్కి పైకి వెళ్లి సలాకల ఫొటో తీసింది. "ప్రతిది తియ్యి, ఏదీ వదలకు" అని అబ్బా ఉత్తరాల్లో రాసేవారు. మగ మేస్త్రీల మధ్య బుర్ఖాలో ఒక ఆడమనిషి కెమెరా పట్టుకుని నిలబడడం గల్లీలో పెద్ద ముచ్చట అయిందట. నానా ఒకరోజు వచ్చి "షోఖ్ ఎక్కువైంది నీకు" అని కోప్పడి పోయారట. అమ్మీ జవాబివ్వలేదు, ఫొటో తీయడమూ మానలేదు.

రీలు పూర్తయి, కడిగించి, ఎవరో జెద్దా పోతుంటే వాళ్ల చేతికిచ్చి పంపేసరికి ఈద్ వెళ్లిపోయింది. అక్కడ అబ్బా గదిలో కూర్చుని, తెలిసిన పని కాబట్టి, సలాకలు లెక్కపెట్టారు. పంపిన పైసలకు, బిల్లుకు ఉండాల్సినదానికి 14 తక్కువ. అప్పటికి స్లాబ్ గట్టిపడి నెల దాటింది. సలాకలు కాంక్రీట్‌లో ఉన్నాయి, బయట ఉన్నది ఆ ఫొటో ఒక్కటే. ఐఎస్‌డీ బూత్‌కు ఫోన్ చేసి అమ్మీని పిలిపించి అడిగారు. అమ్మీకి చెప్పడానికి ఏముంది? తను చూసింది తీసింది. మేస్త్రీ తిన్నాడో, చాచా తిన్నాడో, బిల్లు రాసిన దుకాణం వాళ్ల తప్పో తేలలేదు. చాచా మాత్రం "వదిన నా మీద కెమెరా పెట్టింది" అని మా గడప తొక్కడం మానేశారు. పదకొండేళ్లు. ఈద్‌కు కూడా గలే మిలనా లేదు. అబ్బా జనాజా రోజు వచ్చి కాంధా ఇచ్చారు. తర్వాత అమ్మీ చేతి చాయ్ తాగి వెళ్లేవారు. ఇప్పుడు ఆయనా మరహూమ్. ఈ మాటలన్నీ అమ్మీ ఇజాజత్‌తోనే రాస్తున్నాను. ఒక్క షరతు పెట్టింది, చాచాను దొంగ అని రాయకు అని. రాయడం లేదు. నాకు నిజంగానే తెలియదు.

మా గల్లీలో పన్నెండు ఇళ్లున్నాయి. అన్నీ మూడంతస్తులు, నాలుగంతస్తులు. అద్దెలకు ఇస్తారు, కింద దుకాణాలు. నా పదేళ్ల ఫొటోల్లో ఆ వరసను ఎన్నిసార్లు తీశానో. మధ్యలో ఊడిన పన్నులా మా ఇల్లొక్కటే ఒక్క అంతస్తు. పైసలు లేక కట్టలేదనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ సలాకల మీద ఇంకో అంతస్తు వేస్తే పిల్లల మీద పడుతుందని అబ్బా ఒప్పుకోలేదని అమ్మీ ఆ రోజే చెప్పింది. పైఅంతస్తు అద్దె వచ్చుంటే నా చదువు బీఈడీ దగ్గర ఆగేది కాదేమో, తమ్ముడు కువైట్ పోయేవాడు కాదేమో. అదంతా లెక్క వేసుకుంటూ కూర్చోవచ్చు.

"ఆ ఫొటో తీయకపోతే బాగుండేదా అమ్మీ?" అని అడిగాను.

"నీ అబ్బాకు అబద్ధం ఫొటో పంపాలా?" అంది. కాసేపు ఆగి, "మంచం కింద ఇంకో కవరు ఉంది, అందులో మెట్లు ఉంటయ్" అంది.

రెండో కవరులో మెట్లున్నాయి, పక్కింటి పునాది ఉంది, గల్లీకి మొదటిసారి సీసీ రోడ్డు వేసిన రోజు ఉంది, దూరంగా ఎవరో బకెట్ పట్టుకుని పరుగెత్తుతున్న ట్యాంకర్ ఉంది. ఇంటి పని అయిపోయాక కూడా అమ్మీ ఆ కెమెరా వదల్లేదన్నమాట. రీలు ధర పెరిగి, కడిగే దుకాణం మూతబడ్డ తర్వాతే ఆపింది. మొత్తం 211 ఫొటోలు. అన్నిటినీ స్కాన్ చేసి తారీఖ్ వారీగా పెట్టాను. నేను ఇతర ఇళ్ల ఆల్బమ్‌లలోంచి ఏరుకున్న బోరబండ కంటే అమ్మీ బోరబండ పెద్దది. ఏ ఒక్క ఫొటోలోనూ ఆమె లేదు, ఆ నీడ తప్ప.

నిరుడు డిసెంబర్‌లో ఒక సాయంత్రం, అదే చోటు నుంచి అదే ఫొటో తీద్దామని ఇద్దరం దాబా మీదకు వెళ్లాం. అమ్మీకి మోకాళ్ల నొప్పులు, మెట్టుమెట్టుకూ ఆగి ఎక్కింది. చుట్టూ పక్కిళ్ల గోడలు లేచి ఎండ ఒక మూలకే వస్తోంది. అప్పుడు కనబడిన బండలు లేవు. వాటి స్థానంలో నీళ్ల ట్యాంకులు, ఏసీ డబ్బాలు, రెండు ఇళ్ల సందులోంచి మాదాపూర్ వైపు అద్దాల భవనం ఒకటి. నేను ఫోన్ ఎత్తాను. అమ్మీ నా భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

"ఎండకు ఎదురుగా నిలబడితే ఎట్లా? వీపుకు పెట్టుకో. నీ నీడ పడితే పడనీ."